ఇళ్ల ప్లాన్ల నుంచి కమర్షియల్ బిల్డింగులకి: అమీర్‌పేటలో నేను చేసిన నాలుగు నెలల డ్రాఫ్టింగ్ కోర్సు

మిర్యాలగూడలో ఒక ఇంజనీరు గారి ఆఫీసులో మూడేళ్లు ఇళ్ల ప్లాన్లు గీశాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు చదివి నేరుగా అక్కడ చేరాను. 150 గజాలు, 200 గజాల స్థలాలు, తూర్పు వాకిలి, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద బెడ్‌రూమ్. కొన్నాళ్లకి పెద్దగా ఆలోచించకుండానే చేయి సాగిపోయేది. ఒకసారి మా ఆఫీసుకి నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ పని వచ్చింది. సార్ దాన్ని హైదరాబాద్‌లో వేరే ఆఫీసుకి పంపించేశారు. "నీకు రాదని కాదమ్మా, మన ఆఫీసుకే ఆ అలవాటు లేదు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు నెలల తర్వాత అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్నాను.

సంస్థ పేరు రాయడం లేదు. కోర్సులో నన్ను బాధపెట్టిన విషయాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు వద్దనుకున్నాను. మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, మూడో అంతస్తు, రెండు ల్యాబులు. కోర్సు పేరు కమర్షియల్ బిల్డింగ్ డ్రాఫ్టింగ్. నాలుగు నెలలు, ఫీజు 38 వేలు. హాస్టల్ నెలకి 7 వేలు, టిఫిన్, భోజనం అందులోనే. ఉదయం ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఆరున్నరకి ఇంకొకటి. నేను సాయంత్రం బ్యాచ్. అది ఎందుకు ముఖ్యమో తర్వాత చెప్తాను.

మొదటి రెండు వారాలు ఆటోక్యాడ్ (ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) కమాండ్లతోనే గడిచాయి. నాకు అవన్నీ వచ్చు. కొత్తగా వచ్చిన బీటెక్ పిల్లలకి అవసరం కాబట్టి తప్పు పట్టను. మూడో వారంలో మాకు పాఠం చెప్పే సార్ వచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో పనిచేసిన మనిషి, పగలు ఇప్పటికీ అదే పని. సాయంత్రం బ్యాచ్‌కి మాత్రమే వస్తారు. మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ఏ1 సైజు పెద్ద షీట్ల మీద ప్రింట్ తీసిన ఒక ఆఫీసు బిల్డింగ్ డ్రాయింగుల సెట్ బల్ల మీద పరిచారు. ఒక్కొక్కరిని ఒక్కో పని మనిషిగా అనుకోమన్నారు. ఒకరు సెంట్రింగ్ మేస్త్రి, ఒకరు ఏసీ కాంట్రాక్టర్, ఒకరు ప్లంబర్. "మీకు కావాల్సిన కొలత ఈ షీట్‌లో దొరుకుతుందా, చూసి చెప్పండి" అన్నారు. నాకు ప్లంబర్ వంతు వచ్చింది. టాయిలెట్ షాఫ్ట్ (పైపులు దిగే సందు) లోపలి కొలత కోసం పావుగంట వెతికాను. ప్లాన్‌లో లేదు, విడిగా ఉన్న టాయిలెట్ డీటెయిల్ షీట్‌లో ఉంది. ఏ షీట్ చూడాలో చెప్పే గుర్తు ప్లాన్ మీదే ఉంది, నేను గమనించలేదు. మూడేళ్లలో అలాంటి గుర్తు నేనెప్పుడూ పెట్టలేదు. ఇంటి ప్లాన్‌కి మేస్త్రి ఫోన్ చేసి అడిగేవాడు, నేను చెప్పేదాన్ని, అంతే.

మెట్ల పాఠం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ ఒక్క వారానికే నా ఫీజు సగం గిట్టుబాటయింది.

మాకిచ్చిన అసైన్‌మెంట్ ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగ్. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి 3.6 మీటర్లు. ఇళ్లలో మేము రైజర్ (మెట్టు ఎత్తు) 170, 180 మిల్లీమీటర్లు కూడా పెట్టేవాళ్లం, జాగా లేకపోతే ఇంకా ఎక్కువ. ఇక్కడ 150 దాటకూడదు, ట్రెడ్ (కాలు పెట్టే వెడల్పు) 300 ఉండాలి. 3600ని 150తో భాగిస్తే 24 రైజర్లు. పన్నెండు పన్నెండుగా రెండు ఫ్లైట్లు (మెట్ల వరసలు), ఒక్కో ఫ్లైట్‌కి పదకొండు ట్రెడ్లు, అంటే 3.3 మీటర్ల పొడవు. వెడల్పు మీటరున్నర. అంతా సరిగ్గా కుదిరింది. కింది అంతస్తులో బయటికి వెళ్లే ఫైర్ ఎగ్జిట్ తలుపు మిడ్ ల్యాండింగ్ (రెండు ఫ్లైట్ల మధ్య మెట్లు తిరిగే చోటు) కింద పెట్టాను, అక్కడ గోడ ఖాళీగా కనిపించింది కాబట్టి.

సార్ ఎర్ర పెన్నుతో ఆ తలుపు చుట్టూ సున్నా చుట్టి "ఇక్కడ సెక్షన్ కొయ్యమ్మా" అన్నారు. బిల్డింగ్‌ని నిలువుగా కోసినట్టు గీసి ఎత్తులు చూపించే డ్రాయింగే సెక్షన్. కోశాను. పన్నెండు రైజర్లు ఎక్కితే ల్యాండింగ్ 1800 ఎత్తులో వస్తుంది. స్లాబ్ మందం 150 పోతే కింద మిగిలేది 1650. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. నేనైతే దూరిపోతాను, మా అన్నయ్య తల పగులుతుంది. ల్యాండింగ్ కింద దారి ఉంటే కనీసం 2.2 మీటర్లు ఖాళీ ఉండాలని బిల్డింగ్ కోడ్ చెప్తుంది. "పొగలో పరిగెత్తుకొచ్చేవాడు తల వంచాలని గుర్తు పెట్టుకోడు" అన్నారు సార్. కోప్పడలేదు, నెమ్మదిగా అన్నారు. తలుపు పక్క గోడకి మార్చాను. దానివల్ల బయట ర్యాంపు మారింది. 450 ప్లింత్‌కి (బయటి నేల నుంచి కింది అంతస్తు ఎత్తు) 1:12 వాలు అంటే 5.4 మీటర్ల పొడవు, పైన కింద ల్యాండింగ్ వేరే. ర్యాంపు మారితే రెండు కారు పార్కింగులు పక్కకి జరిగాయి. ఒక తలుపు కోసం నాలుగు షీట్లు మళ్లీ గీశాను. ఇప్పుడు ఆఫీసులో మెట్లు గీసేటప్పుడు ముందు సెక్షన్ కోసి చూశాకే ప్లాన్ ముట్టుకుంటాను.

సీలింగ్ ప్లాన్ కూడా నాకు పూర్తిగా కొత్త. ఇంట్లో స్లాబ్ కింద ఫ్యాన్ పాయింట్ పెడితే అయిపోతుంది. ఆఫీసు బిల్డింగ్‌లో అదే 3.6 మీటర్లలో 600 బీమ్‌కి పోతే 3 మీటర్లు. దాని కింద ఇన్సులేషన్‌తో కలిపి ఏసీ డక్ట్ (చల్లగాలి వెళ్లే గొట్టం) 400, ఆ తర్వాత గ్రిడ్ సీలింగ్, లైట్లకి 150. చివరికి మనిషి తల మీద 2.45 మిగిలింది. స్ప్రింక్లర్ (మంటలు ఆర్పడానికి నీళ్లు చిమ్మేది) పైపు డక్ట్‌కి అడ్డం వచ్చిన చోట ఆ లెక్క కూడా తప్పింది. 600 బై 600 టైల్ మధ్యలో లైటు రావాలి, స్ప్రింక్లర్ రావాలి, డిఫ్యూజర్ (ఏసీ గాలి బయటికొచ్చే జాలీ) రావాలి, ముగ్గురూ ఒకే టైల్ అడుగుతారు. ఆ తగువు సైట్‌లో కాకుండా షీట్ మీదే తెంపాలని అప్పుడు అర్థమైంది.

చిన్న విషయాలు కూడా చాలా నేర్చుకున్నాను. గ్రిడ్ లైన్లకి (కాలమ్‌ల వరసలు చూపించే గీతలు) ఇంగ్లీషు అక్షరాలు పెట్టేటప్పుడు ఐ, ఓ వదిలేస్తారు, ఒకటి, సున్నాలతో కలిసిపోతాయి కాబట్టి. నేను మూడేళ్లు రెండూ పెట్టాను. స్ట్రక్చరల్ ఇంజనీర్ల ఫైల్‌ని కాపీ కొట్టి మన ఫైల్‌లో పేస్ట్ చేయకుండా ఎక్స్‌రెఫ్‌గా (లింకుగా) తెచ్చుకుంటే, వాళ్లు కాలమ్ జరిపినప్పుడు మన షీట్‌లోనూ జరుగుతుంది. లైన్ల మందం స్క్రీన్ మీద కాదు, కాగితం మీద చూడాలి. పర్మిషన్ డ్రాయింగ్ వేరు, సైట్‌కి వెళ్లే డ్రాయింగ్ వేరు. 2012లో వచ్చిన జీవో 168 (బిల్డింగ్ రూల్స్) తెలుగులో వివరిస్తూ, రోడ్డు వెడల్పుని బట్టి, ఎత్తుని బట్టి సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన జాగా) ఎలా పెరుగుతుందో రెండు క్లాసులు చెప్పారు. 2020లో టీఎస్ బీపాస్ (బిల్డింగ్ పర్మిషన్ల ఆన్‌లైన్ పద్ధతి) వచ్చాక ప్లాన్లు ఆన్‌లైన్‌లోనే పెడుతున్నారు కాబట్టి ఇది నాకు వెంటనే పనికొచ్చింది.

ఇక బాధపెట్టిన విషయాలు.

రెవిట్ (బిల్డింగ్‌ని 3డీలో తయారుచేసే సాఫ్ట్‌వేర్) నెల రోజులు నేర్పుతామని చేరేటప్పుడు చెప్పారు. తొమ్మిది క్లాసులు జరిగాయి. ఆ క్లాసులు తీసుకున్న అబ్బాయి మా బ్యాచ్ ముందు బ్యాచ్‌లో చదివినవాడే. పాపం బాగా కష్టపడ్డాడు, కానీ ఫ్యామిలీ (రెవిట్‌లో తలుపు, కిటికీ లాంటి రెడీమేడ్ భాగం) ఎడిట్ చేయడం అడిగితే అతనికీ రాదు. గోడలు, తలుపులు, ఒక మెట్ల వరసతో ఆగిపోయింది. ఇప్పుడు పెద్ద ఆఫీసుల్లో చాలావరకు రెవిట్ అడుగుతున్నారు. నేను ఉద్యోగంలో చేరాక రాత్రుళ్లు కూర్చుని సొంతంగా నేర్చుకోవాల్సి వచ్చింది. మిగిలిన క్లాసులు ఎప్పుడని ఆఫీసు రూమ్‌లో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "వచ్చే సోమవారం" అన్నారు. మా నాన్న మిర్చి అమ్మిన డబ్బు కట్టి నన్ను పంపించారు. ఆ సోమవారాలు గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

ల్యాబులో పద్దెనిమిది సిస్టమ్‌లు, మేము ఇరవై ఆరు మంది. సెక్షన్ ఫైల్ పెద్దదైతే కొన్ని సిస్టమ్‌లు హ్యాంగ్ అయ్యేవి. ప్లాటర్ (పెద్ద షీట్లు ప్రింట్ తీసే మిషన్) నా నాలుగు నెలల్లో ఐదు వారాలు పనిచేయలేదు. ప్రింట్ మీద తప్పు పట్టుకోవడమే అసలు పాఠం అయిన కోర్సులో ఇది చిన్న లోపం కాదు. మేమే డబ్బులు వేసుకుని బయట ప్రింట్లు తీయించుకున్నాం.

ప్లేస్‌మెంట్ నూటికి నూరు శాతం అని బోర్డు మీద ఉంది. నాకు రెండు ఇంటర్వ్యూలు పంపారు. ఒకటి ఇంటీరియర్ షాపులో సేల్స్, రెండోది డేటా ఎంట్రీ. నా ఉద్యోగం మా సార్ తెలిసిన ఆఫీసుకి నా షీట్లు పంపమని చెప్పడం వల్ల వచ్చింది. మాదాపూర్‌లో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు, నెలకి 22 వేలతో మొదలు. ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా మెట్ల సెక్షన్ చూసి, ఎగ్జిట్ తలుపు పక్కకి ఎందుకు పెట్టావని అడిగారు. 1650 కథ చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఉదయం బ్యాచ్‌లో చేరిన నా రూమ్‌మేట్ అదే ఫీజు కట్టింది. ఆమెకి మా సార్ లేరు. నాలుగు నెలల తర్వాత చూస్తే కమాండ్లన్నీ నాకంటే వేగంగా కొడుతుంది, కానీ ప్లాన్‌లో కాలమ్ మధ్యలోంచి తలుపు గీసింది. ఆ అమ్మాయి తెలివి తక్కువది కాదు, చెప్పినవాళ్లు లేరు. ఒకే కోర్సు, ఒకే బోర్డు, ఇంత తేడా ఉండటం అన్యాయం.

ఇప్పటికే ఒకటి రెండేళ్లు ఇళ్ల ప్లాన్లు గీసిన అనుభవం ఉండి, సాయంత్రం బ్యాచ్ దొరికితే ఈ కోర్సులో చేరమనే చెప్తాను. రెవిట్ కోసమైతే వద్దు, ఆ డబ్బు వేరే చోట పెట్టండి. ఉద్యోగం వాళ్లే చూపిస్తారని నమ్మి అప్పు చేసి మాత్రం రాకండి.

ఏ సంస్థలో చేరుతున్నా ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. మూడు వాయిదాలు అడగండి, అడిగితే ఒప్పుకోవచ్చు, నేను అడగలేదు. ఏ బ్యాచ్‌కి ఎవరు చెప్తారో, ఆయన పగలు ఎక్కడ పనిచేస్తారో కనుక్కోండి. డెమో క్లాసు రోజు పాత విద్యార్థి గీసిన టాయిలెట్ డీటెయిల్ షీట్ ప్రింట్ ఒకటి చూపించమనండి. దాని మీద ఎర్ర పెన్ను గీతలు ఉన్నాయో లేదో చూడండి.