ఫోన్ లేకుండా పాతబస్తీ నడక

పాతబస్తీలో ఆదివారం నడకలు చాలానే ఉన్నా, గత వారం నేను వెళ్లిన నడకలో గుల్జార్ హౌజ్ దగ్గరే ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించుకుని, దారి మమ్మల్నే గుర్తుపెట్టుకోమన్నారు. లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటి, సందుల్లో మలుపులు తిరిగి చౌమహల్లా ప్యాలెస్ దగ్గరికి చేరాక, చార్మినార్ ఎటుందో చేయి చాపి చూపించమన్నారు. నేను ధీమాగా దక్షిణం చూపాను. అది ఈశాన్యాన ఉంది. నా పక్కనున్న పెద్దావిడ మాత్రం గోడ మీది ఎండను ఒకసారి చూసి, సరిగ్గా చూపించారు.

దూరపు చోట్లను ఇలాగే చూపించమని అడిగే పరీక్షను యూటా విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త ఎలిజబెత్ క్యాష్‌డన్, లేన్ వాష్రోతో కలిసి వాయవ్య నమీబియాలోని త్వే, చింబా ప్రజలతో చేయించారని గైడ్ వివరించిన తీరు నాకు బాగా నచ్చింది. ఆకారాలను మనసులో తిప్పి చూడగల నేర్పు ఎక్కువున్న పురుషులు ఎక్కువ దూరాలు తిరిగారనీ, వారికి ఎక్కువమంది స్త్రీల ద్వారా సంతానం కలిగిందనీ 2015లో వెలువడిన ఆ పరిశోధన చెబుతుంది. అయితే గైడ్ దాన్ని 'మగవాళ్లకే దారి తెలుస్తుంది' అని తేల్చేశారు; పెద్దావిడ నవ్వి ఊరుకున్నారు. తిరుగుడు వల్ల నేర్పు వచ్చిందా, నేర్పు వల్ల తిరిగారా అన్న అసలు ప్రశ్నను, లండన్ టాక్సీ డ్రైవర్ల మెదడులో దారులను గుర్తుపెట్టుకోవడానికి తోడ్పడే హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెద్దదని చెప్పిన 2000 నాటి అధ్యయనాన్ని ఆయన తాకనేలేదు.

బృందం పెద్దది కావడంతో వెనకున్నవారికి మాట వినపడలేదు. రుసుముకు టీ, ఉస్మానియా బిస్కెట్లు కలిపారు కాబట్టి ఆ విషయంలో ఫిర్యాదు లేదు.