బెయిలబుల్ వారెంటా, నాన్ బెయిలబుల్ వారెంటా?

బెంగళూరు మారతహళ్లిలో గది తీసుకుని ఉంటున్న మనవాడికి అనంతపురం కోర్టు నుంచి చెక్ బౌన్స్ కేసులో వారెంట్ వచ్చిందనుకుందాం. టెన్షన్‌లో అడగడం మరిచిపోయేది ఒకటే: అది ఏ వారెంట్?

బెయిలబుల్ అయితే బాండు ఎంతకు, జామీనుదారులు ఎందరు, కోర్టుకు ఎప్పుడు రావాలి అన్నది దాని మీదే రాసి ఉంటుంది. అవి సమకూరిస్తే పోలీసులు వదిలేయాలి. పరాయి ఊళ్లో జామీను నిలబడే మనిషి దొరకడమే కష్టం. పార్టీలకు పదిమంది వస్తారు, సంతకానికి ఒక్కడూ రాడు!

నాన్ బెయిలబుల్ అయితే కానిస్టేబుల్ చేతిలో ఏమీ ఉండదు. ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు కోర్టులో హాజరుపరచాలి. అయితే వారెంట్ ఇచ్చిన కోర్టు వేరే జిల్లాలో, 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది కాబట్టి, ముందు బెంగళూరులోనే మేజిస్ట్రేట్ ముందుకో కమిషనర్ ముందుకో తీసుకెళ్లాలి. వారెంట్ నాన్ బెయిలబుల్ అయినా, చెక్ బౌన్స్ మాత్రం బెయిల్ ఇవ్వదగిన నేరమే. తగిన జామీను చూపిస్తే అక్కడే బెయిల్ ఇవ్వాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 83వ సెక్షన్ చెబుతోంది. చాలామందికి తెలియని సంగతి ఇదే.

ఏ వారెంటైనా చూపించమని అడగండి. జడ్జి సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. ఇంట్లోవాళ్లకు కబురు చేయించుకోవడం, లాయర్‌తో మాట్లాడటం మీ హక్కు.

దాక్కుంటే మాత్రం లాభం లేదు. కోర్టు రద్దు చేసేదాకా వారెంట్‌కు గడువు తీరదు. లాయర్ ద్వారా రీకాల్ పిటిషన్, అంటే వారెంట్ వెనక్కి తీసుకోమని కోర్టును కోరే పిటిషన్, వేయడమే నయం.