సీలు వేసిన బల్ల కప్పులు: మా సంఘంలో వాడి చూశాక

ఒంగోలు దగ్గర మాది చిన్న బాప్టిస్టు సంఘం. బల్ల, అంటే యేసుప్రభువు శరీరానికీ రక్తానికీ గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం, తీసుకునేవాళ్లం అరవై మంది లోపే. నెలలో మొదటి ఆదివారానికి బల్ల సిద్ధం చేసే పని పదకొండేళ్లుగా నాది. శనివారం రాత్రి ఉప్పు లేని గోధుమపిండి కలిపి పెనం మీద ఒకటే పెద్ద రొట్టె కాలుస్తాను. నల్లద్రాక్ష ఉడికించి రసం వడకడతాను. ఈసారి మా అబ్బాయి పెళ్లిపనులు అడ్డొచ్చి, ఆన్‌లైన్‌లో వంద కప్పుల పెట్టె తెప్పించాం. అడుగున రసం, పైన పలుచటి రొట్టె బిళ్ల, రెంటికీ వేర్వేరు రేకులు.

సరుకు శుభ్రంగానే వచ్చింది. ఒక్క కప్పూ కారలేదు. రసం పులియనిదే, తీపి కాస్త ఎక్కువ. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే పంటి డాక్టరు ద్రాక్షరసం పులియకుండా కాచి సీసాల్లో పట్టింది కూడా తన మెథడిస్టు సంఘం బల్ల కోసమే. కాబట్టి రసం కొని తెచ్చుకోవడం తప్పని నేననను.

ఇబ్బంది రేకు దగ్గర వచ్చింది. పైది లాగితే రెండూ కలిసి ఊడొస్తున్నాయి. మా అత్తమ్మకి కీళ్లవాతం, వేళ్లు వంకర్లు పోయాయి. పాస్టరుగారు "తీసుకుని తినండి" అన్నాక కూడా ఆమె గోటితో గీకుతూనే ఉంది. పక్కనున్న పిల్ల సాయం పట్టి లాగితే సగం రసం తెల్లచీర మీద పడింది. అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. చీర గురించి కాదు, ప్రభువు రక్తానికి గుర్తుగా పుచ్చుకునేది ఒలికిపోయిందని.

అప్పటికే ముందు విప్పుకున్నవాళ్లు తినేశారు. భోజనానికి కూడినప్పుడు ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమని బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట ఆ పూట నన్ను పొడిచింది.

ఇంకొకటి. పాస్టరుగారు రొట్టె ఎత్తి విరిచే చోట విరవడానికి ఏమీ లేదు. రొట్టె ఒక్కటే కాబట్టి అనేకులమైన మనం ఒక్క శరీరం అంటాడు పౌలు. మా సంఘంలో పొలం గట్టు గొడవతో మాటల్లేని అన్నదమ్ములున్నారు. మామూలుగా అయితే అన్న తుంచిన అంచు పక్కనే తమ్ముడు తుంచుకోవాలి, పళ్లెం ఆ చేతినుంచే ఈ చేతికి రావాలి. ఈసారి ఎవరి డబ్బీ వాళ్లు తీసుకుని ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు.

మంచాన పడ్డవాళ్లకైతే ఇవి చాలా మేలు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకి పాస్టరుగారు బండి మీద సీసాలో రసం పట్టుకెళ్తే సంచి తడిసేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ముందే ఇంటిదగ్గర రేకు అంచు కొంచెం లేపి పెట్టుకుంటే సుళువుగా వస్తుంది.

ఇళ్లకి పట్టుకెళ్లడానికి ఐదు స్టార్లు, ఆరాధనలో వాడడానికి రెండే. మిగిలిన కప్పులు పాస్టరుగారికి ఇచ్చేశాను. వచ్చే శనివారం పిండి నేనే కలుపుతాను.