మాడిఫై చేసిన సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా, జాగ్రత్త: కొత్త పెయింట్ కింద ఏముందో చూసి డబ్బులివ్వండి

హైదరాబాద్‌లో కన్సల్టెన్సీల (పాత బండ్లు కొని అమ్మే షాపుల) చుట్టూ తిరుగుతూ సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే గేర్ బండి నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ళకి డబ్బులు పంపే అన్నలు, నాన్నలు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా తమ్ముడికి జరిగింది చెప్తున్నా. షాపు పేరు రాయట్లేదు, ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి పద్ధతి తెలిస్తే చాలు.

బండి 2017 పల్సర్ 150, చెప్పిన రేటు 52 వేలు, బేరమాడితే 48కి ఇచ్చారు. చూడ్డానికి అదిరిపోయింది. కొత్తగా కొట్టిన మ్యాట్ బ్లాక్ పెయింట్, డ్రాగ్ హ్యాండిల్ (తిన్నటి కడ్డీలా ఉండేది), వెనక 130 లావు టైరు, కోసేసిన మడ్‌గార్డ్, మోత సైలెన్సర్, ముందు రెండు ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు. "తమ్మీ, ఇవన్నీ బయట ఏపిస్తే ఇరవై వేలు అయితది, నీకు ఫ్రీగ వస్తున్నయ్" అన్నాడంట అమ్మినాయన. మావాడు అప్పటిదాకా స్కూటీ తప్ప ఏదీ నడపలేదు. టెస్ట్ రైడ్ అంటే షాపు ముందు సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పనిచ్చారు, వీడు వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉందంట. ఈ వేడి ఇంజన్ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్తా.

కొన్న కొన్నాళ్ళకే పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ, ఆయిల్ తగ్గిపోవడం. షాపులో అడిగితే పక్కనే ఉన్న మెకానిక్ దగ్గరికి పంపారు, మన మనిషే చూస్కుంటడు అని. ఆ మెకానిక్ బ్లాక్ బోర్ కొట్టించాలి (అంటే అరిగిన సిలిండర్‌ని కాస్త పెద్దది చేయించాలి), దానికి సరిపడా అర మిల్లీమీటర్ పెద్దదైన 0.50 పిస్టన్ వెయ్యాలి, వాల్వులు, క్లచ్ ప్లేట్లు అని చెప్పి 14,500 తీసుకున్నాడు. బిల్లు లేదు, పాత సామాను చూపించమంటే పారేశాం అన్నాడు. పొగ కొన్నాళ్ళు ఆగింది, అంతే.

తర్వాత ఒకరోజు ఉప్పల్ వైపు వస్తుంటే ముందు ఆటో ఆగింది, మావాడు బ్రేక్ వేశాడు, హ్యాండిల్ గజగజ ఊగి ఎడమకి లాగేసి పడ్డాడు. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి, వెనక ఏ బస్సూ లేదు కాబట్టి ఇవాళ ఇంత తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. బండిని ట్రాలీ ఆటోలో వేయించుకుని ఖమ్మం తెప్పించి మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మేస్త్రీకి ఇచ్చాం. ఆయన విప్పుతుంటే నేను పక్కనే ఉన్నా.

ఆయన ముందు ఇంజన్ జోలికే పోలేదు. డబుల్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద చెక్క పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని రెండు వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. సరిగ్గా మధ్యలోకి రాగానే టక్కున పట్టేస్తోంది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరగడానికి మెడలో ఉండే బేరింగ్, పోయింది అన్నాడు, గట్టిగా గుద్దుకున్న బండికి అందులోని బాల్స్ అవి దొర్లే గాడిలో గుంటలు చేస్తాయంట. ఆ తర్వాత హ్యాండిల్ కింద ఛాసిస్ (బండి ఫ్రేమ్) మెడ దగ్గర గుడ్డ మీద థిన్నర్ వేసి రుద్దాడు. నల్ల పెయింట్ కరిగి వస్తుంటే దాని కింద వెల్డింగ్ కుట్టు బయటపడింది, గ్రైండర్‌తో చదును చేసి పుట్టీ పెట్టి పెయింట్ కొట్టేశారు. ఛాసిస్ నంబర్‌లో అక్షరాలు కూడా పెయింట్‌తో పూడిపోయి ఉన్నాయి, మేకుతో గీకితే గానీ చదవడానికి రాలేదు. అంటే ఈ బండి ఎక్కడో గట్టిగా యాక్సిడెంట్ అయి, మెడ దగ్గర విరిగి, అతికించుకుని మా తమ్ముడి చేతికొచ్చింది. అది చూశాక నాకు కాళ్ళు వణికాయి, నిజంగా చెప్తున్నా.

అక్కడ్నుంచి ఒక్కొక్కటీ అర్థమైంది. ఆ బండికి వేసిన ప్రతి ఫ్యాన్సీ సామానూ ఒక దెబ్బని కప్పడానికి వేసిందే. డ్రాగ్ హ్యాండిల్ ఎందుకంటే కంపెనీ హ్యాండిల్ వంగిపోయింది. ఫాగ్ లైట్లు ఎందుకంటే అసలు హెడ్‌లైట్ వైరింగ్ కాలిపోయింది, దాన్ని బాగుచేయకుండా బ్యాటరీ నుంచి డైరెక్టుగా తీగ లాగి ఈ లైట్లు పెట్టారు, రిలే లేదు, ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి టేపు వేశారు. షార్ట్ అయితే బండి తగలబడడమే, పైన పెట్రోల్ ట్యాంకు. మోత సైలెన్సర్ ఎందుకంటే లోపల ఇంజన్ కొట్టుకుంటున్న చప్పుడు వినపడకుండా. కొత్త రైడర్‌కి ఏ చప్పుడు మామూలు, ఏది కాదు అని ఎలా తెలుస్తుంది, ఆ మోత వింటే వాడికి సరదాగానే ఉంటుంది మరి.

ఇంజన్ సంగతికొస్తే, ఆయిల్ దింపితే బెల్లం పాకంలా సాగుతూ వచ్చింది. పల్సర్‌లో పోయాల్సింది 20డబ్ల్యూ50 గ్రేడ్ ఇంజన్ ఆయిల్, వీళ్ళు గేర్ ఆయిల్ లాంటి చిక్కటిదేదో కలిపి పోశారు, పొగ, చప్పుడు కొన్నాళ్ళు అణిగి ఉండడానికి. ఇంజన్ పైభాగం (హెడ్) విప్పితే పిస్టన్ మీద ఓవర్‌సైజ్ మార్కే లేదు. 0.50 పిస్టన్ వేస్తే పైన 50 అని గుద్ది ఉంటుంది, ఉన్నది మామూలు స్టాండర్డ్ పిస్టన్. బోర్ కొట్టించింది లేదు, పిస్టన్ మార్చింది లేదు, 14,500 మాత్రం పోయాయి. అమ్మినవాడూ రిపేర్ చేసినవాడూ ఒకే గూటి వాళ్ళయితే ఇలాగే ఉంటుంది, బండిలో లోపం బయటపెట్టడం ఆ మెకానిక్‌కి అవసరమే లేదు.

వెనక టైరు కూడా చెప్పాలి. ఆ బండికి కంపెనీ సైజు 100/90-17, అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు. అదే సన్న రిమ్ముకి 130 టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి టైరు గుండ్రంగా ఉబ్బుతుంది, మలుపులో బండి బరువుగా తిరుగుతుంది, పైగా ఒక పక్క చైన్‌కి రాసుకుంటోంది. ఇంకో సంగతి, టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. 1419 అంటే 2019లో 14వ వారం. టైరు గుండీలు (పైన ఉండే గట్లు) నిండుగా ఉన్నా ఏళ్ళు దాటిన రబ్బరు వానలో పట్టు ఇవ్వదు.

కాబట్టి బండి చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని వచ్చేయండి. వాల్వ్ సీళ్ళు (ఆయిల్ లోపలికి కారకుండా ఆపేవి) పోయిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే నిజం చెప్తుంది. హ్యాండిల్ పరీక్ష పైన చెప్పినట్టు చేయించండి. ఛాసిస్ నంబర్ 17 అక్షరాలూ ఆర్‌సీతో పోల్చండి, ఇంజన్ నంబర్ కూడా. బండి మొత్తం పాతగా ఉండి మెడ దగ్గర ఒక్కచోటే కొత్త పెయింట్ ఉంటే ఇంక అడగడానికేం లేదు. మెకానిక్‌ని మీరే తీసుకెళ్ళండి, ఐదొందలు, వెయ్యి ఇచ్చినా పర్లేదు, కానీ షాపువాళ్ళు చూపించిన మనిషి వద్దు. నా మాట వింటే కంపెనీ సైలెన్సర్, కంపెనీ హ్యాండిల్, గీతలు పడ్డ పాత పెయింట్ ఉన్న బండే కొనండి, దాని దెబ్బలు కంటికి కనపడతాయి.

కొన్నాక చేతిలో పదివేలు ఉంటే బ్రేక్ ప్యాడ్లు, వెనక బ్రేక్ షూలు, కోన్ సెట్, టైర్లు, చైన్ స్ప్రాకెట్, క్లచ్ కేబుల్, వీటికి పెట్టండి. పుత్లీబౌలి వెళ్ళి సైలెన్సర్, లైట్లు కొనుక్కోవాలని ఆ వయసులో ఉంటుంది, తెలుసు, కానీ బండి ఆపడం సరిగ్గా రాకముందే వాటికి డబ్బులు తగలేయొద్దు. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో బండి ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. మోత సైలెన్సర్‌కైతే మొదటిసారే 10,000 దాకా పడొచ్చు. వేయించింది పాత ఓనర్ అండీ అంటే ట్రాఫిక్ ఎస్సై వినడు, దొరికింది మీరు.

కాగితాల దగ్గర ఇంకో మోసం. మొదటి ఓనర్‌తో ఫారం 29, 30 (బండి పేరు మార్పించే ఫారాలు) మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకుని కన్సల్టెన్సీ వాళ్ళు దగ్గర పెట్టుకుంటారు, మీకు అవే చేతిలో పెట్టి తర్వాత మార్పించుకో అంటారు. మా కేసులో ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఇంకా తీరలేదు, అంటే ఫైనాన్స్ వాళ్ళ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు తీరిందని ఇచ్చే ఫారం 35 లేకుండా ఆర్‌సీ మీద ఫైనాన్స్ వాళ్ళ పేరు పోదు, దాని మీద పాత చలాన్లు వేరే. ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు, కొంత ఆపండి. ఇన్సూరెన్స్ కూడా కొన్న 14 రోజుల్లో మీ పేరుకి మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. ఇది బండి అమ్ముకునేవాళ్ళకీ చెప్తున్నా, ఆర్‌సీలో మీ పేరుంటే తర్వాత ఎవడు గుద్దినా బాధ్యత మీదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి వచ్చేయకండి.

మేము ముందు 1915కి, అంటే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాం, వాళ్ళతో తేలకపోతే జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌లో కేసు వేస్తాం, ఐదు లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు. మా దగ్గరున్న ఆధారాలు ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, "యాక్సిడెంట్ గాని బండి తమ్మీ, గ్యారంటీ" అని అమ్మినాయన పంపిన వాట్సాప్ వాయిస్, ఖమ్మంలో మేస్త్రీ విప్పుతున్నప్పుడు తీసిన వీడియోలు. మెకానిక్‌కి 14,500 క్యాష్ ఇచ్చాడు కాబట్టి దానికి రుజువే లేదు. క్యాష్ అయితే వెయ్యి తగ్గిస్తా అన్నా సరే మీరు ఫోన్‌పేనే చేయండి, బిల్లు రాయించుకోండి, పాత పిస్టన్, పాత ప్లేట్లు కవర్లో వేసి ఇమ్మని పని మొదలుపెట్టకముందే చెప్పండి.