షిఫ్టు డ్యూటీల మధ్య కౌచ్ టు 5కె: చాలాకాలం వాడాక నా సమీక్ష

నాది ఫస్ట్, సెకండ్, నైట్ అంటూ మారుతూ ఉండే డ్యూటీ. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఫలానా గంటకు పరుగు అని రాసిపెట్టుకుంటే సాగే జీవితం కాదు. అలాంటి నేను కౌచ్ టు 5కె (అంటే సోఫా నుంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా) ప్లాన్‌తో పరుగు మొదలుపెట్టి, ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని ఉన్నాను. ఒకసారి పూర్తయ్యాక కూడా, మధ్యలో ఎక్కువ రోజులు ఆగిపోతే మళ్లీ అందులో ఏదో ఒక వారం నుంచే మొదలుపెడతాను. షిఫ్టుల వాళ్లకు ఇది పనికొస్తుందా అంటే, కచ్చితంగా పనికొస్తుంది. కాకపోతే క్యాలెండర్ పక్కన పెట్టి వాడాలి.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన, పరుగు అలవాటు లేని వాళ్ల అమ్మను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన ప్లాన్ ఇది. 9 వారాలు, వారానికి 3 పరుగులు. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడిచాక 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు. చివరికొచ్చేసరికి ఆగకుండా 30 నిమిషాలు పరుగెత్తాలి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని ఉచిత యాప్‌గా ఇస్తోంది. కాగితం మీద రాసుకుని, వాచీ చూసుకుంటూ చేసినా సరిపోతుంది.

ఏ రోజు పరుగెత్తాలో ఈ ప్లాన్ చెప్పదు. పరుగుకీ పరుగుకీ మధ్య ఒక రోజు విశ్రాంతి ఇవ్వమంటుంది, అంతే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నాకు 'వారం' అంటే ఏడు రోజులు కాదు, మూడు పరుగులు. నైట్లు పడితే ఆ మూడింటికి పది రోజులైనా పట్టొచ్చు, ఆఫ్‌లు కలిసొస్తే ఆరు రోజుల్లోనే అయిపోవచ్చు. డ్యూటీ చార్ట్ రాగానే ఫ్రిజ్ తలుపుకి అంటించి, పరుగు కుదిరే రోజుల చుట్టూ పెన్నుతో సున్నా చుడతాను. అది ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. ఆ అరగంట పిల్లల్ని ఎవరు చూసుకోవాలో ముందే మాట్లాడుకుంటాం. ఏదైనా తప్పిపోతే ఆ పరుగు తర్వాతి చార్ట్‌లోకి వెళ్తుంది తప్ప రద్దు కాదు. వెనకబడిపోతున్నానన్న టెన్షన్ లేకపోతే, మళ్లీ బూట్లు వేసుకోవడం ఎంత తేలికో!

వరసగా ఎన్ని రోజులు చేశామో లెక్కపెట్టి, ఒక్కరోజు తప్పగానే మళ్లీ సున్నాకి తెచ్చే యాప్‌లు మాత్రం మనకు వద్దే వద్దు. తర్వాతి షిఫ్టు మనిషి రాక డబుల్ డ్యూటీ చేసి ఇంటికొచ్చిన మనిషి ఆ సున్నా చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇక ఏ షిఫ్టులో ఎప్పుడు పరుగెత్తాలి? ఫస్ట్ షిఫ్టు ఉన్నప్పుడు చీకటితోనే లేచి పరుగెత్తాలని చాలామంది అనుకుంటారు. నేను వద్దంటాను. రాత్రి నిద్రపోయేవాళ్లకు తెల్లవారుజామున ఒంటి ఉష్ణోగ్రత బాగా తగ్గి ఉంటుంది, ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది, పైగా అసలే తక్కువైన నిద్రలోంచి మరో గంట పోతుంది. డ్యూటీ దిగాకే మేలు. అయితే ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే ఇక లేవబుద్ధి కాదు. అందుకే బూట్లు, బట్టలు డ్యూటీ బ్యాగులోనే పెట్టుకుంటాను. పనిచేసే చోటే బట్టలు మార్చుకుని, అటునుంచి అటే పరుగుకు పోతాను. సెకండ్ షిఫ్టుకి చెప్పేదేమీ లేదు, పొద్దున్నంతా మనదే.

నైట్ దిగాక మాత్రం పరుగు పెట్టుకోను. పొద్దుటి వెలుతురు కళ్లలో పడితే తెల్లారిందని శరీరం అనుకుంటుంది, ఇక నిద్ర ఒక పట్టాన రాదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నేరుగా ఇంటికి, కర్టెన్లు వేసిన గదిలోకి. సాయంత్రం లేచి, మత్తు వదిలాక, డ్యూటీకి వెళ్లేముందు పరుగు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరుగు ఇదే. ఇలా పరుగెత్తి వెళ్లిన రాత్రి రెండు, మూడు గంటలప్పటి మగత కూడా నాకు తక్కువగా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. పేరులో 5కె ఉంది కానీ, 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పూర్తి కావాలంటే కిలోమీటరు 6 నిమిషాల్లో పరుగెత్తాలి. కొత్తవాళ్లలో చాలామందికి అది సాధ్యం కాదు. దూరం వదిలేసి నిమిషాలే చూసుకోండి. 5వ వారం ఇంకో సమస్య. మొదటి రోజు 5 నిమిషాల చొప్పున మూడుసార్లు, రెండోరోజు 8 నిమిషాల చొప్పున రెండుసార్లు, మూడోరోజు ఒక్కసారిగా 20 నిమిషాలు! ఆ పరుగును నైట్ల మధ్య పెట్టుకోకుండా ఆఫ్ రోజు కోసం అట్టే పెట్టుకోండి. నాకు సగం దాటాక ఊపిరి బాగానే ఆడుతోంది, కాళ్లూ సహకరిస్తున్నాయి, మనసే ఆగిపొమ్మంటోంది. పక్కన ఎవరైనా ఉంటే మామూలుగా మాట్లాడగలిగేంతగా వేగం తగ్గించాను. దాదాపు నడక అంత నెమ్మది. అలాగే 20 నిమిషాలూ పూర్తిచేశాను. ఆ రోజు తర్వాత పరుగంటే భయం పోయింది.

అన్నిటికన్నా పెద్ద లోటు, మనం కంటినిండా నిద్రపోయామనుకుని ఈ ప్లాన్ లెక్క వేస్తుంది. నేను పెట్టుకున్న నియమం ఒకటే: నిద్ర అయిదు గంటలైనా లేకపోతే అదే సమయానికి బయటికి వెళ్తాను, కానీ నడుస్తాను. సమయం లేకపోతే పది నిమిషాలకైనా వెళ్తాను. ఒక్కోసారి కనీసం 10 నిమిషాలైనా చేస్తేనే లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది, 2020 సూచనల్లో ఆ షరతు తీసేసింది. వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదంటే 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం సరిపోతుందని అందులో ఉంది. పరుగు గట్టి వ్యాయామం కిందికే వస్తుంది, ఈ ప్లాన్ చివర్లో వచ్చే మూడు అరగంటలు కలిపితే 90 నిమిషాలు. ఇంతకుమించి చేయలేకపోతున్నానని బాధపడాల్సిన పని లేదు.

9వ వారం తర్వాత ఏం చేయాలో ప్లాన్‌లో లేదు. నేను మూడింటిలో ఒక్కదాన్నే అరగంట ఉంచి, మిగతా రెండూ పదిహేను, ఇరవై నిమిషాలకు కుదించాను. బిజీ నెలల్లో కూడా అలా సాగిపోతోంది.

గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. మిగతావాళ్లు 9 వారాలని గిరి గీసుకోకుండా 13, 14 వారాలు పెట్టుకుని, నైట్ల వరస అయిపోయాక వచ్చే రెండో ఆఫ్ రోజున మొదలుపెట్టండి. మొదటి ఆఫ్ నిద్రకే వదిలేయండి.