చింతపిక్కలతో హతసాక్షుల లెక్క: అద్దెకిచ్చే చర్చ పెట్టె ఎలా ఉందంటే

ప్రాణం పోతుందని తెలిసి కూడా అబద్ధానికి ఎవడు కట్టుబడతాడండీ? డెల్టాలో చర్చి మెట్ల మీదైనా, టీకొట్టు బల్ల దగ్గరైనా మతం మాట వస్తే చివరికి వాదన ఇక్కడికే వచ్చి ఆగుతుంది. పాలకొల్లు, నరసాపురం మధ్య కాలవ గట్టు మీదున్న ఒక రీడింగ్ రూమ్ వాళ్లు హతసాక్షుల గురించిన, అంటే నమ్మకం కోసం ప్రాణమిచ్చినవాళ్ల గురించిన, ఈ ఒక్క ప్రశ్న కోసం ఒక రేకు పెట్టె తయారుచేసి అద్దెకిస్తున్నారు. వారానికి 100 రూపాయలు, డిపాజిట్ 500.

పెట్టెలో 24 కార్డులు, వాటికి గుడ్డ తొడుగులు, 48 పేజీల పుస్తకం, రెండు స్టీలు పళ్లేలు, హార్లిక్స్ సీసాలో 40 చింతపిక్కలు ఉంటాయి. ఒక పళ్లెం అంచున ఎర్ర రంగుతో ‘నిజాయితీ’ అని, రెండోదాని మీద ‘నిజం’ అని రాశారు. మనిషి ఎంత మనస్ఫూర్తిగా నమ్మాడన్నది మొదటిది, నమ్మిన మాట ఎంత నిజమన్నది రెండోది. ఆట మొత్తం ఈ రెండు పళ్లేల మధ్యే.

ఆరుగురికి తగ్గకుండా, పది మందికి మించకుండా కూర్చోవాలి. కార్డుకి ముందు వైపు సంఘటన ఉంటుంది, పేరూ మతమూ వెనక వైపు ఉంటాయి. తొడుగు వేస్తే వెనక వైపు కనపడదు. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఏ మాట కోసం చనిపోయాడు? ఆ మాట తను కళ్లారా చూసిందా, ఎవరో చెబితే నమ్మిందా? మాట వెనక్కి తీసుకుంటే బతకనిచ్చేవాళ్లా? చనిపోయాడని మనకి చెప్పిందెవరు, ఎన్నేళ్ల తర్వాత? జవాబుల్ని బట్టి ఒక్కో పళ్లెంలో సున్నా నుంచి ఐదు దాకా పిక్కలు వేయాలి. ఆ తర్వాతే తొడుగు తీయాలి. చాలామంది తొందరపడి ముందే తీసేస్తారు, దాంతో ఆట పాడైపోతుంది. తమ మతం కార్డు అనగానే రెండో పళ్లెం నిండిపోతుంది, పక్కవాళ్ల కార్డుకి ఒక్క పిక్క కూడా పడదు.

మొదటి గంటలో 7, 8 నంబర్ల కార్డులు కలిపి ఆడండి. పెట్టె మొత్తానికి ఇవే బంగారం. ఒకటి థామస్ మోర్. ఇంగ్లండ్ చర్చికి పోపు కాదు, రాజే అధిపతి అంటే ఒప్పుకోనందుకు 1535 జులైలో తల నరికించుకున్నాడు. రెండోది విలియం టిండేల్. బైబిలులో చాలా భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి, పోపు అధికారాన్ని ఒప్పుకోనివాడు. 1536లో గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. బతికున్నప్పుడు ఒకరి మీద ఒకరు పుస్తకాలు రాసుకున్నవాళ్లు. మొదటి పళ్లెంలో ఇద్దరికీ ఐదేసి పిక్కలు పడతాయి, ఎవరూ కాదనరు. మరి రెండో పళ్లెంలో? ఇద్దరికీ ఐదు వేస్తే పోపు క్రీస్తు సంఘానికి అధిపతి అవుతాడు, కాకుండానూ పోతాడు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లూ, పోపుని ఒప్పుకోని లూథరన్లూ, బ్రదరన్ వాళ్లూ ఒకే వీధిలో ఉండే నరసాపురంలో ఈ రెండు కార్డుల దగ్గర గది ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. చావుకి పడ్డ పిక్కలు మొదటి పళ్లెంలోవే అని అప్పుడు తెలుస్తుంది.

పుస్తకంలో ఇదే సంగతిని చెరువుల భాషలో చెప్పారు, బాగుంది. భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి రొయ్యల చెరువుకి ఫలానా మందు కొన్న రైతుకి ఆ మందు మీద నమ్మకం ఉందని ఒప్పుకోవాలి. చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంతుందో మాత్రం తాకట్టు రసీదు చెప్పదు, తెల్లవారుజామున మీటరు ముంచాల్సిందే.

తర్వాత మరణ వాంగ్మూలం మీద నాలుగు పేజీలు. ఇవి తప్పకుండా చదవండి. చచ్చిపోయేవాడు అబద్ధమాడడు అన్న ఊహని మన చట్టం కూడా కొంతవరకు ఒప్పుకుంటుంది. పాత సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 32, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 26. అయితే ఆ మాట దేనికి సాక్ష్యం? తన చావుకి కారణం, దానికి దారితీసిన పరిస్థితులు, అంతవరకే. ఆఖరి ఘడియలో పొలం సరిహద్దు గురించి ఏదో చెప్పాడని ఈ సూత్రం కింద గట్టు జరపరు. పైగా మనిషి స్పృహలో ఉన్నాడా, ఎవరైనా నూరిపోశారా అని కోర్టు చూస్తుంది. చావుబతుకుల్లో ఉన్నవాడి మాటనే ఇంత జల్లెడ పట్టినప్పుడు, దేవుడి సంగతి చెప్పి చనిపోయినవాడి మాటకి జల్లెడే వద్దనడం కుదరదు. హతసాక్షి అన్న మన తెలుగు మాటలోనే సాక్షి ఉన్నాడు. గ్రీకు ‘మార్టుస్’కీ, అరబ్బీ ‘షహీద్’కీ మూలార్థం సాక్షే. సాక్షి అన్నాక అడ్డప్రశ్నలు తప్పవు.

పెట్టెలో పెద్ద లోపం అపొస్తలుల, అంటే యేసు పన్నెండు మంది ముఖ్య శిష్యుల, కార్డుల్లో ఉంది. క్రైస్తవుల అసలు వాదనని ఇది తేలిక చేసేసింది. వాళ్లు అనేది నమ్మకం కోసం చచ్చారని కాదు. చనిపోయి తిరిగి లేచిన యేసుని చూశామన్నవాళ్లు, చూడకపోతే చూడలేదని తమకి తెలిసుండేవాళ్లు చచ్చారని. అంటే రెండో ప్రశ్నకి ‘కళ్లారా చూసిందే’ అని జవాబు వస్తుంది. ఇది మోర్, టిండేల్ కార్డులకి లేని బలం. కుట్ర పన్ని కథ అల్లారన్న ఆరోపణకి దీంతో గట్టి దెబ్బ తగులుతుంది. చూశామని నిజాయితీగా అనుకుని పొరబడి ఉండొచ్చన్న దారి మాత్రం మూసుకోదు. ఈ తేడా మీద పుస్తకంలో ఒక్క పేరా కూడా లేదు.

దానికి బదులు 31వ పేజీలో పన్నెండు మందిలో పదకొండు మంది హతసాక్షులయ్యారని ఖాయం చేసేశారు. నాలుగో ప్రశ్న వాళ్లది వాళ్లే మర్చిపోయారన్నమాట. జెబెదయి కొడుకు యాకోబుని హేరోదు రాజు కత్తితో చంపించాడని బైబిలులో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలోనే ఉంది. యేసు తమ్ముడనే యాకోబు పన్నెండు మందిలో వాడు కాకపోయినా, రాళ్లతో కొట్టించిన సంగతి యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. పేతురు, పౌలుల చావు గురించి మొదటి శతాబ్దం చివర్లో రోము నుంచి వెళ్లిన క్లెమెంటు ఉత్తరం ఉంది. మిగతావాళ్ల చావు కథలు ఎక్కువగా తర్వాతి శతాబ్దాలవి, ఒకదానికొకటి పొసగనివీ ఉన్నాయి. మైలాపూరులో అపొస్తలుడు తోమా చనిపోయాడన్న సంప్రదాయం మనకి దగ్గరిదే, గౌరవించాల్సిందే. కాని అతని చావుని వివరంగా చెప్పే ‘తోమా కార్యములు’ మూడో శతాబ్దపు రచన. నాలుగో ప్రశ్న దగ్గర పిక్కలు తగ్గించాల్సిందే.

మూడో ప్రశ్నకి పెట్టెలో మంచి జంట ఉంది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ (ఇప్పటి టర్కీలో ఉంది) గవర్నరు ప్లినీ రోము చక్రవర్తి ట్రాజన్‌కి రాసిన ఉత్తరంలో, క్రైస్తవుల్ని మూడుసార్లు అడిగేవాణ్ననీ, కాదని క్రీస్తుని దూషించినవాళ్లని వదిలేసేవాణ్ననీ చెప్పాడు. ఇక్కడ తప్పించుకునే దారి ఉంది, అయినా కొందరు పట్టలేదు. క్రీ.శ. 64లో రోము తగలబడ్డాక చక్రవర్తి నీరో చంపించిన క్రైస్తవుల సంగతి వేరు. రోము చరిత్రకారుడు టాసిటస్ చెప్పేదాన్ని బట్టి నింద వాళ్ల మీదకి తోశారు. నమ్మకం వదిలితే వదిలేస్తామని అన్నట్టు అందులో లేదు. రెండూ చావులే, పిక్కలు మాత్రం ఒకలా పడవు.

జోన్స్‌టౌన్ కార్డు సరిదిద్దుకోండి. అది దక్షిణ అమెరికాలోని గయానాలో జిమ్ జోన్స్ అనే మతనాయకుడి అనుచరులు కట్టుకున్న ఊరు. 1978 నవంబరు 18న 918 మంది ‘విశ్వాసం కోసం’ చనిపోయారని ముద్రించారు. ఆ లెక్కలో ఎయిర్‌స్ట్రిప్ దగ్గర కాల్చి చంపబడ్డ అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో రయాన్, ఆయనతో పాటు పడిపోయినవాళ్లు కూడా ఉన్నారు. చనిపోయినవాళ్లలో వందల మంది పిల్లలు. వాళ్లనెవరూ అడగలేదు.

గురు తేగ్ బహాదుర్ కార్డు, పెనుగొండ వాసవీ కన్యక కార్డు వచ్చినప్పుడు ఆట కాసేపు ఆపండి. 1675లో ఢిల్లీలో తల ఇచ్చిన తొమ్మిదో గురువు, సిక్కు సంప్రదాయం ప్రకారం, కాశ్మీరీ పండితుల మతం కోసం ఇచ్చాడు, తన జంధ్యం కోసం కాదు. ఆయనకే జంధ్యం లేదు. పెనుగొండ కథలో అమ్మవారూ, 102 గోత్రాల వాళ్లూ అగ్నిగుండంలో దిగింది మానం కోసం, ధర్మం కోసం. దేవుడు ఇలా ఉన్నాడని రుజువు చేయడానికి దిగలేదు. ఈ రెండింటికీ ‘నిజం’ పళ్లెం సరిపోదు. మూడో పళ్లెం కావాలి, పెట్టెలో లేదు. ఇంట్లోంచి ఒక విస్తరాకు తెచ్చి పెట్టుకోవడమే. పెనుగొండ కార్డు మీద తేదీ వేయకుండా ‘స్థల కథ’ అని రాయడం మాత్రం మర్యాదగా ఉంది.

తిరగేసి చూసే కార్డు గెలీలియోది. 1633లో మోకాళ్ల మీద కూర్చుని మాట వెనక్కి తీసుకున్నాడు, భూమి తిరగడం మానలేదు. మాట వెనక్కి తీసుకున్నంత మాత్రాన అది అబద్ధం కానప్పుడు, మాట మీద చచ్చినంత మాత్రాన అది నిజమూ కాదు. దీన్ని ఆఖర్న ఆడమని పుస్తకం చెబుతుంది. మొదట ఆడితేనే మేలు, ఎవరి మతమూ కాదు కాబట్టి ఎవరూ అలగరు.

భాషలో మాత్రం తక్కెడ సమంగా లేదు. క్రైస్తవుల కార్డుల మీద ‘హతసాక్షి’, సిక్కుల మీద ‘బలిదానం’, బాగ్దాదులో 922లో చంపబడ్డ సూఫీ సాధువు హల్లాజ్ కార్డు మీద వట్టి ‘మరణశిక్ష’. అన్నింటికీ ‘చనిపోయాడు’ అని చదవండి చాలు. కార్డులు గోదావరి చెమ్మకి అంచుల దగ్గర లామినేషన్ లేచిపోతున్నాయి, వర్షాకాలంలో తెచ్చుకుంటే బియ్యం డబ్బాలో పెట్టుకోండి.

పదో తరగతి దాటిన పిల్లలున్న యువజన సంఘాలకి, సండే స్కూలు పెద్దక్లాసుకి, గుడి భజన మండలికి కూడా పెట్టె పనికొస్తుంది. ఎదుటివాణ్ని ఓడించడానికే తెచ్చుకునేవాళ్లకి 100 రూపాయలు దండగ. రెండు సాయంత్రాలు, ఒక్కోటి గంటన్నర పెట్టుకుంటే పదహారు కార్డుల దాకా అవుతాయి. 24 పూర్తి చేద్దామనుకోకండి, చివరి ఎనిమిదింటిలో సగం ఒకే రకం.

తిరిగి ఇచ్చేటప్పుడు పిక్కలు లెక్కపెడతారు, 40 ఉండాలి. రెండు మూడు తగ్గితే ఇంట్లో చింతపండులోవి కడిగి ఆరబెట్టి కలిపేయండి, ఎవరూ గుర్తుపట్టరు.