బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్, దాని ఎదుట బ్యాట్ అండ్ బాల్ పబ్బు: ఓ ఆదివారపు అంపైర్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ఐదుకి ఐదు. ఆ పిచ్చి లేకుండా వాళ్ల వెంట వచ్చినవాళ్లకి మూడు, అదీ ఎండ కాస్తే. మా ఆవిడ రెండో రకం. పాత క్రికెట్ మైదానం గుర్తుగా రోడ్డు పక్కన పాతిన గ్రానైట్ రాయికి నేను ఫోటోలు తీస్తుంటే "ఏమండీ, పొద్దున్నే లేపి తీసుకొచ్చింది ఈ రాయి కోసమా?" అంది. ఆ ప్రశ్నకి అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, గాలి అంత జోరుగా ఉంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఇంగ్లండ్ దక్షిణాన హాంప్‌షైర్‌లో హాంబుల్డన్ అని ఒక పల్లెటూరు. లండన్ వాటర్లూలో పోర్ట్స్‌మత్ వైపు రైలెక్కి పీటర్స్‌ఫీల్డ్‌లో దిగి వెళ్లొచ్చు. హాంబుల్డన్‌కి రైలు లేదు కాబట్టి అక్కణ్ణుంచి కారో టాక్సీయో చూసుకోవాలి. మేం కారులోనే వెళ్లాం. ఒక సంగతి గుర్తుంచుకోండి: బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్ మైదానం ఊళ్లో లేదు. ఊరికి దాదాపు రెండు మైళ్ల దూరంలో, గుట్ట మీద ఉంది. రోడ్డుకి ఒక పక్క మైదానం, ఇంకో పక్క బ్యాట్ అండ్ బాల్ పబ్బు. చుట్టూ పొలాలు. పెద్ద మ్యూజియం ఏదో ఉంటుందని వెళ్తే నిరాశే.

18వ శతాబ్దంలో ఓ ముప్ఫై ఏళ్లపాటు ఇంగ్లండ్‌లో క్రికెట్ ఎలా ఆడాలో తేల్చింది ఈ చోటే, ఇక్కడ ఆడిన హాంబుల్డన్ క్లబ్బే. ఇది క్రికెట్ పుట్టిల్లు అని చాలామంది అంటారు. అది నిజం కాదు. గిల్డ్‌ఫర్డ్‌లో 1598లో నడిచిన ఒక భూమి తగాదాలో జాన్ డెరిక్ అనే ఆయన, బడికెళ్లే రోజుల్లో తాను ఆ స్థలంలో క్రికెట్ ఆడానని సాక్ష్యం చెప్పాడు. అప్పటికి హాంబుల్డన్ క్లబ్ ఊసే లేదు. నన్నడిగితే క్రికెట్ పుట్టింది ఇంకెక్కడో, అక్షరాలు దిద్దుకున్నది మాత్రం ఇక్కడ.

ఇక పబ్బు. చిప్స్ వేడివేడిగా వచ్చాయి, చేప బాగుంది, మా ఆవిడకి మాంసం లేని వంటకం గురించి అడిగితే విసుక్కోకుండా చెప్పారు. నేను కారు నడపాలి కాబట్టి నిమ్మ సోడాతో సరిపెట్టుకున్నాను. తిండి గురించి ఇంతకన్నా రాయను, తిండి కోసమే అయితే ఇంత దూరం రానక్కర్లేదు. గోడల నిండా క్రికెట్ బొమ్మలే. కిటికీ పక్క బల్ల దొరికితే వదలకండి, రోడ్డు అవతల మైదానం కనిపిస్తుంది.

పబ్బుకీ మైదానానికీ మధ్య ఆ కాస్త దూరం చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది. 1760ల్లో ఈ పబ్బుని, అప్పటి సత్రాన్ని, నడిపిన రిచర్డ్ నైరెనే క్లబ్ కెప్టెన్ కూడా. మైదానం చూసుకునేదీ, జట్టుని నడిపేదీ, మ్యాచ్ అయ్యాక పెద్దమనుషులకి మందు పోసేదీ ఆయనే. ఆయన వెళ్లాక సత్రం తీసుకున్న విలియం బార్బర్ కూడా క్లబ్ బౌలరే. ఇప్పుడు మేం క్లబ్ నడపాలంటే కమిటీ, కోశాధికారి, సేఫ్టీ ఆఫీసర్, వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు కావాలి. నైరెన్‌కి ఒక కౌంటర్, ఎదురుగా ఒక మైదానం సరిపోయాయి. ఆయన కొడుకు జాన్ నైరెన్ 1764లో పుట్టి ఆ ఆటగాళ్ల మధ్యే పెరిగాడు. ముసలితనంలో, 1833లో ఆ జ్ఞాపకాలు అచ్చు వేయించాడు. ఇక్కడ అమ్మే పంచ్ తాగితే పిల్లి కూడా మాట్లాడుతుందని, సీసా ఆరు పెన్నీలని రాసుకున్నాడు. చిన్నప్పటి సంగతులు కదా, కాస్త ఎక్కువ చేసి చెప్పి ఉంటాడనుకోండి. అయినా హాంబుల్డన్ ఆటగాళ్లని మనుషులుగా మన కళ్ల ముందు నిలబెట్టింది ఆయనే.

జట్టులో ఎవరెవరున్నారో చూడండి. జాన్ స్మాల్ పీటర్స్‌ఫీల్డ్‌లో చెప్పులు కుట్టేవాడు, తర్వాత బ్యాట్లు, బంతులు చేసి అమ్మాడు, ఫిడేలు కూడా వాయించేవాడు. డేవిడ్ హారిస్ కుమ్మరి. థామస్ బ్రెట్ రైతు. నోవా మాన్ ప్రాక్టీస్ కోసం నార్త్‌చాపెల్ నుంచి ఇరవై మైళ్ల దాకా గుర్రమ్మీద వచ్చేవాడు. గుర్రం దౌడు తీస్తుంటే కిందికి వంగి నేల మీది చేతిరుమాళ్లు ఏరేవాడట. ప్రాక్టీస్ మంగళవారాల్లో. పందెం డబ్బు, క్లబ్ సభ్యత్వం ధనవంతులవి, ఆట మాత్రం వీళ్లది. ఆ రోజుల్లో బౌలింగ్ అంతా చేయి కిందినుంచే. దాన్ని ఇప్పుడు ఎగతాళి చేసేవాళ్లు మైదానంలోకి దిగి ఆ వాలు మీద నిలబడి చూడాలి. 1774 నాటి రూల్స్ ప్రకారం వికెట్లు ఎక్కడ పాతాలో ఎంచుకునే హక్కు బయటినుంచి వచ్చిన జట్టుదే. సర్రే బౌలర్ లంపీ స్టీవెన్స్ ఎక్కడో ఒక చిన్న దిబ్బ వెతికి, బంతి దాని మీద పడి కిందికి జారేలా వేసేవాడు. హారిస్ ఎత్తు మీదికి వేసి బంతిని పైకి లేపేవాడు. పిచ్ బాగాలేదని ప్రతి వారం నా దగ్గరికొచ్చి గొణిగే కెప్టెన్లని ఒకసారి ఇక్కడికి తీసుకురావాలని ఉంది.

నేను ఆదివారం లీగుల్లో అంపైరింగ్ చేస్తాను. నా కిట్‌లో ఒక బ్యాట్ గేజ్ ఉంటుంది. వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 10.8 సెంటీమీటర్లు. అందులో దూరని బ్యాట్ ఆడటానికి పనికిరాదు. ఈ అంకె తేలింది హాంబుల్డన్ వాళ్ల చేతుల్లోనే. 1771 సెప్టెంబర్‌లో లేలమ్ బర్వేలో చెర్ట్సీ జట్టుతో మ్యాచ్. రైగేట్‌కి చెందిన థామస్ వైట్ చెర్ట్సీ తరఫున ఏకంగా వికెట్ల వెడల్పున్న బ్యాట్ పట్టుకుని దిగాడు. అప్పటికి బ్యాట్ వెడల్పుకి హద్దు లేదు, కాబట్టి ఆయన తప్పేమీ చేయలేదు. అంపైర్ ఏం చేయాలి? ఏమీ చేయలేడు. హాంబుల్డన్ ఒక్క పరుగుతో గెలిచింది కానీ ఊరుకోలేదు. రెండు రోజులకే, సెప్టెంబర్ 25న, ఇకపై బ్యాట్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలే అని ఒక కాగితం రాసి నైరెన్, బ్రెట్, స్మాల్ సంతకాలు పెట్టారు. ఆ ముగ్గురిలో స్మాల్ బ్యాట్లు చేసి అమ్మేవాడని మర్చిపోకండి. 1774 రూల్స్‌లోకి ఆ అంకె ఎక్కింది. క్లబ్ ఆ కొలతకి ఒక ఇనుప చట్రం చేయించి పెట్టుకుందని, అనుమానం వచ్చిన బ్యాట్‌ని అందులో దూర్చి చూసేవాళ్లని జాన్ నైరెన్ రాశాడు. 2017లో బ్యాట్ అంచుకి 40 మిల్లీమీటర్లు, మందానికి 67 మిల్లీమీటర్లు అని కొత్త హద్దులు వచ్చాయి. వెడల్పు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నా గేజ్‌ని ఆ రాయి పక్కన పెట్టి ఫోటో తీసుకున్నాను. మా ఆవిడ చూసీ చూడనట్టు కారు వైపు నడిచింది.

మూడో స్టంప్ కథలోనూ వీళ్లున్నారు, కాకపోతే అది జరిగింది ఇక్కడ కాదు, లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో. 1775 మేలో ఐదుగురేసి ఆడే సింగిల్ వికెట్ మ్యాచ్ (ఒకేసారి ఒక్క బ్యాట్స్‌మనే ఆడతాడు), కెంట్‌తో. స్మాల్ ఆఖరి బ్యాట్స్‌మన్, ఇంకా పద్నాలుగు పరుగులు కావాలి. ఆ రోజు కెంట్ వైపు ఆడుతున్న లంపీ బంతి మూడుసార్లు రెండు స్టంపుల మధ్యనుంచి దూరిపోయింది. బెయిల్ పడలేదు, స్మాల్ ఔట్ కాలేదు, మ్యాచ్ గెలిపించాడు. ఆ తర్వాతే మధ్యలో మూడో స్టంప్ వచ్చింది. లంపీ ఆ సాయంత్రం ఎవరితోనైనా మాట్లాడాడో లేదో!

వీళ్ల పెద్ద గెలుపు కూడా సొంత మైదానంలో కాదు. 1777 జూన్‌లో, సెవెనోక్స్‌లో, వెయ్యి గినీల (అప్పటి బంగారు నాణేల) పందెం మీద ఇంగ్లండ్ జట్టుని ఇన్నింగ్స్ 168 పరుగుల తేడాతో ఓడించారు. పదో నంబర్‌లో వచ్చిన జేమ్స్ ఐల్వర్డ్ బుధవారం సాయంత్రం దిగి శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆడి 167 కొట్టాడు. కొన్నాళ్లకే కెంట్ ధనవంతుడు సర్ హొరేషియో మాన్ అతన్ని తన ఎస్టేట్ పనికి పెట్టుకుని లాగేసుకున్నాడు. ఎస్టేట్ పని అతనికి పెద్దగా రాదట. అతన్ని పెట్టుకున్నది ఆ పనికి కాదని అందరికీ తెలుసు. ఆటగాళ్ల వేలం ఇప్పుడే మొదలైందనుకునేవాళ్లు ఇది గమనించాలి.

గాలి సంగతి చెప్పాను కదా. అది నా ఒక్కడి ఫిర్యాదే కాదు. గుట్ట మీద మరీ బోడిగా, చలిగా ఉందని డ్యూక్ ఆఫ్ డోర్సెట్ లాంటి పెద్దలు సణిగారు. 1782లో క్లబ్ ఆటని ఊరి దగ్గరి విండ్‌మిల్ డౌన్‌కి మార్చింది. మేం అక్కడికీ వెళ్లాం. ఆ వాలు మీద ఇప్పుడు ద్రాక్షతోట ఉంది, 1952లో పెట్టారు. మా ఆవిడ ముఖం వెలిగిన చోటు అదొక్కటే.

క్లబ్ చివరి రోజుల గురించి బ్రాడ్‌హాఫ్‌పెన్నీలో నిలబడితే ఏమీ తెలియదు, రాయి మీద కూడా ఆఖరి ఏడాది 1787 అని చెక్కి ఉంది. 1908లో నిలబెట్టిన ఆ రాయి మీద వంకర బ్యాట్లు, రెండు స్టంపుల వికెట్ ముచ్చటగా ఉంటాయి. ఆ తేదీతో మాత్రం నాకు పేచీ ఉంది. 1787 లండన్‌లో థామస్ లార్డ్ మైదానం తెరిచిన ఏడాది, తర్వాత క్రికెట్ రూల్స్ చూసుకున్న ఎంసీసీ క్లబ్ పుట్టిన ఏడాది. డబ్బున్నవాళ్లు అటు వెళ్లిపోయారు, నిజమే. కానీ హాంబుల్డన్ ఆ రోజే తలుపులు మూసేయలేదు. 1791లో రిచర్డ్ నైరెన్ ఊరు వదిలాక జట్టు చెదిరిపోయింది. క్లబ్ మీటింగులు మాత్రం ఇంకా జరుగుతూనే ఉన్నాయి. 1772 నుంచి 1796 దాకా మినిట్స్ మిగిలాయి, ఆ పుస్తకాలు ఇప్పుడు వించెస్టర్‌లో హాంప్‌షైర్ రికార్డు ఆఫీసులో ఉన్నాయి. ఒక రోజు వాన, వచ్చింది ముగ్గురే సభ్యులు, అయిన సీసాలు తొమ్మిది అని ఒకచోట ఉంది. 1796 ఆగస్టు 29న హాజరైనవాళ్ల జాబితాలో థామస్ పెయిన్ పేరు కనిపిస్తుంది, మనుషుల హక్కుల గురించి రాసిన రచయిత అని కూడా చేర్చారు. దేశద్రోహి ముద్ర పడి ఇంగ్లండ్‌కి రాలేని మనిషి హాంప్‌షైర్‌లో మీటింగుకి ఎలా వస్తాడు? ఎవడో తాగి రాసుంటాడు. ఆ సెప్టెంబర్ 21న చివరి ఎంట్రీ: పెద్దమనుషులెవరూ రాలేదు. మా లీగ్‌లో మూతబడిన క్లబ్బులేవీ ఇంత నిజాయితీగా రాసుకోలేదు.

హాంబుల్డన్ పేరుతో ఇప్పుడున్న క్లబ్ రిడ్జ్ మెడోలో ఆడుతుంది, అది వేరే మైదానం. బ్రాడ్‌హాఫ్‌పెన్నీలో 1959 నుంచి బ్రిగాండ్స్ అనే జట్టు ఆడుతోంది. ఈ తేడా తెలియక రిడ్జ్ మెడో చూసి ఫోటోలు తీసుకుని వెనక్కి వెళ్లిపోయేవాళ్లున్నారు, జాగ్రత్త.

టైముంటే ఇంకో రెండు చోట్లు. పీటర్స్‌ఫీల్డ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో జాన్ స్మాల్ సమాధి ఉంది, ఆయన 1826 దాకా బతికాడు. వెస్ట్ మియాన్‌లో థామస్ లార్డ్ సమాధి ఉంది, 1832లో పోయాడు. హాంబుల్డన్ వెలుగుని లండన్ తీసుకుపోయిన మైదానం యజమాని చివరికి హాంబుల్డన్‌కి కొద్ది మైళ్ల దూరంలోనే పడుకున్నాడు. ఆ ఊళ్లో పబ్బుకి కూడా ఆయన పేరే.

వెళ్లేముందు బ్రిగాండ్స్ మ్యాచ్ ఎప్పుడుందో చూసుకోండి. ఖాళీ మైదానం చూడటం వేరు, పబ్బు ముందు గ్లాసు పట్టుకుని నిజంగా ఓ నలుగురు ఔటవడం చూడటం వేరు. ఎండాకాలమైనా స్వెటర్ తీసుకెళ్లండి. క్రికెట్ అంటే పట్టనివాళ్లని తీసుకెళ్తే ద్రాక్షతోట నుంచి మొదలుపెట్టి మైదానానికి ఆఖర్న వెళ్లండి. మేం ఉల్టా చేశాం. సెప్టెంబర్ దాటాక అయితే మ్యాచ్‌లుండవు, అప్పుడు వెళ్లే బదులు వసంతం దాకా ఆగడం మేలు.